అంబులెన్స్ బ్యాగులో ఉన్న మందు ఎంతమందికి సరిపోతుంది?

అంబులెన్స్ మందుల రిజిస్టర్లు ఎక్కడ చూసినా ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఎడమవైపు మందు పేరు, మధ్యలో ఉండాల్సిన సంఖ్య, కుడివైపు ఉన్న సంఖ్య. అట్రోపిన్ ఉండాల్సింది 10, ఉన్నది 10, పక్కన టిక్కు. ఆ టిక్కు అబద్ధమేం కాదు. కాకపోతే ఆ పది ఎవరికి, ఎంతసేపు సరిపోతాయో అది చెప్పదు.

పురుగుమందు తాగిన కేసే తీసుకుందాం. పత్తి, మిరప పండే మండలాల్లో 108 సిబ్బందికి ఇది కొత్త కాదు. ఆర్గానోఫాస్ఫేట్ (ఓపీ) రకం పురుగుమందు విషానికి అట్రోపిన్ మొదటి డోసు 1.8 నుంచి 3 మి.గ్రా. ఐదు నిమిషాల తర్వాత కూడా ఛాతీలో గురగుర తగ్గక, బీపీ, నాడి పుంజుకోకపోతే డోసు రెట్టింపు. ఇంకో ఐదు నిమిషాలకు మళ్లీ రెట్టింపు. మన దగ్గర మామూలుగా దొరికే ఆంపూల్‌లో (మెడ విరిచి తెరిచే చిన్న గాజు గొట్టంలో) ఉండేది 0.6 మి.గ్రా. అంటే తక్కువ డోసుతో మొదలుపెట్టినా మొదటిసారి 3 ఆంపూల్స్, తర్వాత 6, ఆ తర్వాత 12, నాలుగోసారి 24. పదిహేను నిమిషాల్లో మొత్తం 45. టిక్కు పడిన పదింటిలో రెండో డోసుకే తొమ్మిది అయిపోతాయి. మూడో డోసుకి చేతిలో ఒక్కటి మిగులుతుంది.

అందుకే "ఉండాల్సిన సంఖ్య" వేసేటప్పుడు మూడు ప్రశ్నలు అడగాలి. ఒక పేషెంటుకి పూర్తిగా చెయ్యాలంటే ఎంత కావాలి? ఆసుపత్రి చేరడానికి ఎంతసేపు పడుతుంది? వాడేసినది తిరిగి బండిలోకి రావడానికి ఎన్నాళ్లు పడుతుంది? హైదరాబాద్‌లో పది నిమిషాల దూరంలో ఏదో ఒక ఆసుపత్రి ఉండే బండికీ, పాడేరు నుంచి ఘాట్ దిగి విశాఖ కేజీహెచ్‌కి వంద కిలోమీటర్ల పైన వెళ్లాల్సిన బండికీ ఒకే లిస్టు ఇవ్వడం తేలిక. ఆఫీసుకి ఒకటే ఫార్మాట్, ఒకటే ఇండెంటు (సరుకు కోరే పత్రం). కానీ ఆ తేలిక స్టోర్ గుమస్తాకే గానీ ఘాట్ రోడ్డు మీద ఉన్న ఈఎంటీకి (బండిలో వైద్యం చేసే ఉద్యోగికి) కాదు. కనీసం మూడు రకాల లిస్టులుండాలి: పట్నం బండి, మైదానంలో పల్లెల బండి, ఏజెన్సీ బండి.

అట్రోపిన్‌లో ఇంకో చిక్కుంది. కదులుతున్న బండిలో 24 ఆంపూల్స్ మెడలు విరిచి, ఒక్కొక్కటి సిరంజిలోకి లాగడం ఒక్క మనిషి ఐదు నిమిషాల్లో చెయ్యగలిగే పని కాదు. వేళ్లు కోసుకుంటాయి, మధ్యలో లెక్క తప్పుతుంది. అందుకని ఓపీ కేసులు ఎక్కువగా వచ్చే బండ్లకి పెద్ద వయల్స్ (రబ్బరు మూత సీసాలు) తెప్పించడం మేలు. ఒకటే జాగ్రత్త. వయల్‌లో ఒక మి.లీ.కి ఎంత మందు ఉందో ఆంపూల్‌తో పోలిస్తే తేడా ఉండొచ్చు. రెండూ ఒకే పౌచ్‌లో పెట్టకూడదు. వయల్స్ పౌచ్ మీద మి.లీ.కి ఎన్ని మి.గ్రా.లో పెద్ద అక్షరాలతో రాసి అతికించాలి. కాల్ సెంటర్ నుంచి డోసు చెప్పే ఈఆర్‌సీపీ డాక్టరు కూడా ఫోన్‌లో "మూడు ఆంపూల్స్" అనడం మాని మి.గ్రా.లలో చెప్పాలి.

మిగతా ప్రాణాధార మందులకీ ఇదే లెక్క. గుండె ఆగిన పేషెంటుకి అడ్రినలిన్ 1 మి.గ్రా. మూడు నుంచి ఐదు నిమిషాలకోసారి. అరగంట సీపీఆర్ అంటే ఎక్కువలో ఎక్కువ 10 ఆంపూల్స్. అదే షిఫ్టులో మందు రియాక్షనో కందిరీగల కాటో వస్తే కండలోకి 0.5 మి.గ్రా., అవసరమైతే ఐదు నిమిషాలకి మళ్లీ. దానికి రెండు మూడు వేరుగా పెట్టుకోవాలి. కాబట్టి కనీసం 13. స్టోర్ నుంచి తిరిగి రావడానికి రెండు రోజులు పట్టే చోట 20 పెట్టినా ఎక్కువేం కాదు. అడ్రినలిన్ చవక మందు, పొదుపు చూపాల్సింది దీని మీద కాదు.

గర్భిణికి ఫిట్స్ వచ్చినప్పుడు ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్‌లో ఈ లెక్క మరీ తరచుగా తప్పుతుంది. 50 శాతం ద్రావణం, 2 మి.లీ. ఆంపూల్, అందులో 1 గ్రాము. పెద్దాసుపత్రికి పంపేముందు ఇచ్చే మొదటి డోసు 10 గ్రాములు, అంటే ఒక్కో పిరుదులో 5 గ్రాముల చొప్పున 10 ఆంపూల్స్. నరంలోకి ఇచ్చే 4 గ్రాములు కూడా కలిపే పద్ధతిలో అయితే 14. "మెగ్‌సల్ఫ్ 5" అని లిస్టులో ఉంటే అది ఏ పేషెంటుకీ పూర్తి డోసు కాదు, సగం వైద్యం. ఇక దీని విరుగుడు కాల్షియం గ్లూకోనేట్ 10 శాతం, 10 మి.లీ. ఆంపూల్. అది మెగ్‌సల్ఫ్‌తో పాటు అదే పౌచ్‌లో ఉండాలి. విరుగుడు ఇంకో డ్రాయర్‌లో ఉంటే ఊపిరి మందగించిన పేషెంటు పక్కన కూర్చుని వెతుక్కోవాలి.

రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ 500 మి.గ్రా. ఆంపూల్ కాబట్టి ఒకరికి 1 గ్రాము అంటే రెండు. అది బేసి సంఖ్యలో ఉంటే ఆ చివరిది లేనట్టే లెక్క. షుగర్ పడిపోయినవాళ్లకి 25 శాతం డెక్స్‌ట్రోస్ 100 మి.లీ. బాటిల్ ఒకటి 25 గ్రాములు, ఒకరికి ఒక బాటిల్ అనుకుంటే చాలు.

మందుతో పాటు పోయే సామాను కూడా డోసులో భాగమే. ఇది తరచుగా వదిలేస్తారు. మెగ్‌సల్ఫ్ పది ఆంపూల్స్ ఉండి 10 మి.లీ. సిరంజీలు రెండు, కండ లోతుకి చేరే 22 గేజ్ సూదులు రెండు లేకపోతే ఆ మందు ఉన్నా లేనట్టే. హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. వయల్ పొడి రూపంలో ఉంటుంది, కలపడానికి స్టెరైల్ వాటర్ కావాలి. అడ్రినలిన్ ఇచ్చిన ప్రతిసారీ 20 మి.లీ. సెలైన్‌తో ఫ్లష్ చెయ్యాలంటే పది డోసులకి 200 మి.లీ. సెలైన్ దానికే పోతుంది. మందులు ఒక ఇండెంటులో, సర్జికల్స్ (సిరంజీలు, సూదుల లాంటివి) ఇంకో ఇండెంటులో వేర్వేరు రోజుల్లో వస్తాయి. ఈ రెండింటినీ కలిపి చూసే మనిషి ఎవరో స్టోర్‌లో పేరు పెట్టి చెప్పి ఉండాలి.

ఆక్సిజన్ కూడా చట్టం దృష్టిలో మందే. దాన్ని మాత్రం "సిలిండర్లు 2" అని లెక్కేస్తారు. బీ టైప్ సిలిండర్‌లో సుమారు 1500 లీటర్లు, నిండుగా ఉన్నప్పుడు గేజ్ 150 దగ్గర. కాబట్టి గేజ్ అంకెని పదితో గుణిస్తే మిగిలిన లీటర్లు. ముల్లు 60 మీద ఉంటే 600 లీటర్లు. నిమిషానికి 10 లీటర్ల చొప్పున గంట. నాన్ రీబ్రీదర్ మాస్క్‌తో 15 పెడితే నలభై నిమిషాలే. రోడ్డు సమయం గంట అయితే ఈ సిలిండర్‌తో బయల్దేరకూడదు. రిజిస్టర్‌లో సిలిండర్ల సంఖ్య బదులు షిఫ్టు మొదట్లో గేజ్ అంకె రాయించండి. రాత్రి షిఫ్టు దిగేటప్పుడు 90, పొద్దున ఎక్కేటప్పుడు 70, మధ్యలో కేసు లేదంటే ఎక్కడో కారుతోంది. చాలాసార్లు అది రెగ్యులేటర్ దగ్గర అరిగిన వాషరు. రెండు వాషర్లు, సిలిండర్ కీ ఒకటి తాడుతో స్టాండుకే కట్టేసి ఉంచాలి. కీ దొరక్క నిండు సిలిండర్ తెరవలేకపోవడం నిజంగా జరిగే విషయమే.

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా ఆంపూల్‌లో ఉన్న మందు పనిచేస్తుందన్న నమ్మకం మీద. మన ఎండలు ఆ నమ్మకాన్ని దెబ్బతీస్తాయి. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో బయట 44, 45 డిగ్రీలుంటే, తలుపులు మూసి ఎండలో ఆపిన బండి లోపల 60 దాటగలదు. ఇంజెక్షన్ల లేబుల్ మీద ఉండేది "25 డిగ్రీల లోపు" లేదా "30 డిగ్రీల లోపు". ఒక్క మధ్యాహ్నానికే అన్నీ పాడైపోవు. కానీ వేడి దెబ్బ కలుస్తూ పోతుంది. పొద్దున చల్లబడినంత మాత్రాన నిన్న పోయిన శక్తి తిరిగి రాదు.

అన్నిటికంటే ముందు దెబ్బతినేది ఆక్సిటోసిన్. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. వేడికి శక్తి పోయినా రంగు మారదు, చూస్తే తెలియదు. కాన్పు తర్వాత రక్తం ఆగకపోతే తప్పు గర్భసంచిది అనుకుంటాం, ఆంపూల్‌ని ఎవరూ అనుమానించరు. 10 యూనిట్లు ఇవ్వాలంటే 5 యూనిట్ల ఆంపూల్స్ రెండు కావాలి. బండిలో ఇద్దరికి సరిపడా, అంటే నాలుగు, చిన్న కోల్డ్ బాక్సులో. మిగతావి లేబర్ రూమ్ ఫ్రిజ్‌లో. బాక్సులో పెట్టిన తేదీ ప్లాస్టర్ మీద రాసి అతికించి, ఎండాకాలంలో వారానికోసారి మార్చాలి. ఐస్ ప్యాక్‌ని డీప్ ఫ్రీజర్ నుంచి తీసి నేరుగా పెడితే మందు గడ్డకట్టి పాడవుతుంది. ప్యాక్ ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వచ్చేదాకా బయట ఉంచి అప్పుడు పెట్టాలి. టీకాలు మోసే ఏఎన్ఎమ్‌లకి ఇది అలవాటైన పనే, అంబులెన్స్ శిక్షణలో మాత్రం చెప్పరు. వెనక దన్నుగా మిసోప్రోస్టాల్ ఉంచుకోవచ్చు, 600 మైక్రోగ్రాములు నోటి ద్వారా. దానికి చలి అక్కర్లేదు గానీ తేమ పడదు. స్ట్రిప్ కత్తిరించి విడి మాత్రలు డబ్బాలో పొయ్యకూడదు.

ఫిట్స్ మందుల్లో లోరాజెపామ్‌కి ఫ్రిజ్ కావాలి, మిడాజోలామ్‌కి అక్కర్లేదు. ఫ్రిజ్ లేని బండికి లోరాజెపామ్ ఇవ్వడం అనవసరం. కాకపోతే మిడాజోలామ్‌లో ఇంకో గొయ్యి ఉంది. మి.లీ.కి 1 మి.గ్రా.ది ఒకటి, 5 మి.గ్రా.ది ఇంకొకటి, రెండూ దొరుకుతాయి. కండలోకి 10 మి.గ్రా. ఇవ్వాలంటే ఒకదాన్లో 10 మి.లీ., ఇంకోదాన్లో 2 మి.లీ. విభాగం మొత్తానికి ఒకటే బలం ఎంచుకుని దాన్నే కొనాలి. సప్లయరు "అది లేదు, ఇది తీసుకోండి" అన్నప్పుడు ఒప్పుకుని మామూలుగా పంచేస్తే ఐదు రెట్ల పొరపాటుకి మనమే దారి వేసినట్టు.

బ్యాగు సర్దడంలో అక్షర క్రమం పనికిరాదు. అడ్రినలిన్, అట్రోపిన్ రెండూ "అ"తోనే మొదలవుతాయి, రెండూ 1 మి.లీ. చిన్న ఆంపూల్సే. పక్కపక్కన పెడితే రాత్రి టార్చి వెలుగులో చెయ్యి దేని మీద పడుతుందో చెప్పలేం. పని ప్రకారం పౌచ్‌లు చెయ్యాలి: గుండె ఆగినప్పుడు ఒకటి, ఊపిరాడనప్పుడు ఒకటి, కాన్పుకి ఒకటి, విషానికి ఒకటి, ఫిట్స్‌కి ఒకటి. అడ్రినలిన్ రెండు పౌచ్‌ల్లో ఉండాల్సి వస్తే ఉండనివ్వండి. పొటాషియం క్లోరైడ్ ఆంపూల్ మాత్రం బండిలో ఎక్కడా ఉండకూడదు. అది 10 మి.లీ. ప్లాస్టిక్ ఆంపూల్‌లో వస్తుంది, చూడ్డానికి స్టెరైల్ వాటర్‌లాగే ఉంటుంది. ఆసుపత్రి నుంచి "బదులు" తెచ్చుకున్న సామానులో కలిసి బండెక్కేది ఇలాంటివే.

ఆ బదుళ్ల సంగతి విడిగా చెప్పుకోవాలి. పీహెచ్‌సీలో రెండు సెలైన్లు తీసుకోవడం, తర్వాతి వారం రెండు ఇవ్వడం ఎప్పుడూ ఉన్నదే, ఆపమంటే ఆగదు. ఆపే ప్రయత్నం మాని రాయించడం మంచిది: మందు, బ్యాచ్ నంబరు, ఎవరి దగ్గర్నుంచి. రాయకపోతే రెండు నష్టాలు. ఖర్చు తక్కువగా కనబడి తర్వాతి ఇండెంటు తగ్గుతుంది. ఏదైనా బ్యాచ్ నాసిరకమని తేలినప్పుడు అది ఏ బండిలో ఉందో తెలియదు.

పూర్తయిన పౌచ్‌కి నంబరున్న ప్లాస్టిక్ సీల్ వేసి, బయట ఒక చీటీ తగిలించాలి. దాని మీద సీల్ నంబరు, లోపల అన్నిటికంటే ముందు ఎక్స్‌పైర్ అయ్యే మందు పేరు, నెల. షిఫ్టు మారేటప్పుడు ఈఎంటీ సీల్ నంబరు చూసి రాస్తే చాలు, ప్రతి ఆంపూల్ లెక్కపెట్టక్కర్లేదు. పన్నెండు గంటల డ్యూటీ దిగేవాళ్లని అరవై రకాలు లెక్కపెట్టమంటే లెక్కపెట్టరు, నిన్నటి పేజీ చూసి దించేస్తారు. ఇది వాళ్ల తప్పని నేననను, ఆ పద్ధతిదే తప్పు. సీల్ తెగిన పౌచ్ ఒక్కటే విప్పి లెక్కపెట్టమంటే మనస్ఫూర్తిగా చేస్తారు. సీల్స్ కట్ట మాత్రం బండిలో ఉంచకూడదు. విప్పినవాళ్లే తిరిగి వేసుకునే వీలుంటే సీల్‌కి విలువ ఉండదు.

స్టోర్ వైపు వస్తే, ప్రభుత్వ మందులు ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ వైద్య మౌలిక వసతుల కార్పొరేషన్ల ద్వారా వస్తాయి. వచ్చిన బ్యాచ్‌ని పరీక్షకి పంపి, రిపోర్టు వచ్చాకే విడుదల చేస్తారు. ఇంజెక్షన్లకి స్టెరిలిటీ పరీక్ష ఉంటుంది, దానికే 14 రోజులు. మాత్రల కంటే ఇంజెక్షన్లు ఎందుకు ఆలస్యమవుతాయని విసుక్కునేవాళ్లకి ఒక కారణం ఇదే. కాబట్టి ఇంజెక్షన్ల ఇండెంటు మాత్రల కంటే ముందుగా, ఎక్కువ నిల్వతో పెట్టాలి. ప్రభుత్వ మందుల నిల్వ చూపే ఈ-ఔషధి కంప్యూటర్ వ్యవస్థలో కనిపించేది స్టోర్ నిల్వ. స్టోర్‌లో 400 ఉన్నాయంటే బండ్లలో ఉన్నాయని కాదు.

నెల ఖర్చు లెక్కలో ఒక మోసం దాగి ఉంటుంది. జూన్‌లో 25 ఆంపూల్స్ వాడారు, కానీ చివరి పది రోజులు స్టాకే లేదు. నెల ఖర్చు 25 అని రాస్తే తర్వాతి నెలా కొరతే. మందు ఉన్నది 20 రోజులు, కాబట్టి 25ని 20తో భాగించి 30తో గుణించాలి. 38 వస్తుంది. దాని మీద సరుకు రావడానికి పట్టే రోజులకి సరిపడా, ఆపైన కనీసం రెండు వారాల నిల్వ కలపాలి. సగటుని కాలం కూడా మారుస్తుంది. వానలు పడి పొలం పనులు మొదలయ్యాక పాముకాట్లు, పురుగుమందు కేసులు పెరుగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో ఆర్‌ఎల్, ఎన్‌ఎస్ లాంటి సెలైన్ బాటిళ్లు, ఓఆర్‌ఎస్. చలికాలంలో నెబ్యులైజర్ రెస్ప్యూల్స్ (ఆయాసానికి పీల్చే మందు గొట్టాలు). పోయిన మూడు నెలల సగటుతో ఇండెంటు పెడితే ఎప్పుడూ ఒక ఋతువు వెనకబడి ఉంటాం. నిరుడు ఇదే మూడు నెలల్లో ఏం ఖర్చయిందో చూడాలి.

మిడాజోలామ్, ట్రామడాల్, కెటమిన్ ఎన్‌డీపీఎస్ (మత్తుమందుల నియంత్రణ) చట్టం పరిధిలోకి వస్తాయి. ట్రామడాల్‌ని 2018లో చేర్చారు. వీటికి సీల్ చాలదు. తాళం, విడి రిజిస్టర్, ప్రతి షిఫ్టుకీ ఇద్దరి సంతకాలు కావాలి. 5 మి.గ్రా. ఆంపూల్‌లో 3 వాడితే మిగిలిన 2 పారబోసినట్టు సాక్షి సంతకంతో రాయాలి. విరిగిన ఆంపూల్ గాజు ముక్కలైనా కవర్లో పెట్టి స్టోర్‌కి ఇవ్వాలి. పీసీఆర్‌లో (పేషెంటు కేసు షీటులో) రాసిన డోసుకీ, ఈ రిజిస్టర్‌లో తగ్గిన సంఖ్యకీ వారానికోసారి పొంతన చూడాలి. తేడా వస్తే ముందు తప్పు రాత అనుకోవాలి, అదే మనిషి దగ్గర రెండోసారి వస్తే అలా అనుకోకూడదు.

ఎక్స్‌పైరీ గురించి ఒక అపోహ. లేబుల్ మీద నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు దాకా వాడొచ్చు. ఒకటో తారీఖునే తీసేయాల్సిన పనిలేదు. కేసులు తక్కువున్న బండిలో మందు మూడు నెలల్లో ఎక్స్‌పైర్ అవుతుందనగా దాన్ని కేసులు ఎక్కువున్న బండికి మార్చి, అక్కడి కొత్త బ్యాచ్ ఇక్కడికి తెస్తే వృథా బాగా తగ్గుతుంది. గడువు అయిపోయినవి బండిలోంచి తీసి "వాడరాదు" అని రాసిన డబ్బాలో వేసి స్టోర్‌కే చేర్చాలి. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం ఎక్స్‌పైర్ అయిన మందులు పసుపు సంచిలోకి, ఖాళీ గాజు ఆంపూల్స్, వయల్స్ నీలం గుర్తున్న డబ్బాలోకి, సూదులు గుచ్చుకోని తెల్ల డబ్బాలోకి, సెలైన్ గొట్టాలు ఎర్ర సంచిలోకి పోవాలి. బండిలో ఇన్ని డబ్బాలకి చోటుండదంటారు. తెల్ల డబ్బా, ఎర్ర సంచి, ఆంపూల్స్‌కి మూతున్న చిన్న నీలం డబ్బా చాలు. పసుపుది స్టోర్‌లో ఉంటే సరిపోతుంది.

చివరగా, షెడ్డుకి పోయే బండి. రిపేరుకి వెళ్లినప్పుడు పౌచ్‌లు బదులు బండిలోకి మారతాయి, రిజిస్టర్ మాత్రం పాత బండి నంబరు మీదే ఉండిపోతుంది. రెండు వారాల తర్వాత ఏది ఎక్కడిదో ఎవరికీ తెలియదు. అందుకే రిజిస్టర్‌ని బండి నంబరు మీద కాక కిట్ నంబరు మీద నడపాలి. కిట్ 14 ఈరోజు ఏ బండిలో ఉందో ఒక వరుసలో రాస్తే చాలు. కోల్డ్ బాక్సులోని ఆక్సిటోసిన్‌ని, తాళం వేసిన మందులని షెడ్డుకి పంపకుండా అదే రోజు స్టోర్‌కి ఒప్పజెప్పి రసీదు తీసుకోవాలి. మెకానిక్ షెడ్డులో బ్యాటరీ తీసేస్తే బండిలోని చిన్న ఫ్రిజ్ ఆగిపోతుంది, ఆ సంగతి ఎవరూ ఫోన్ చేసి చెప్పరు.